ఓడోమీటరు చెప్పని మాట

మొన్న మార్చిలో మా పాత కారు అమ్మదలచాము. పదకొండేళ్ల బండి, ఓడోమీటరు మీద 62 వేల కిలోమీటర్లే. చూడవచ్చినవాడు గుంటూరు నుండి అంటారియోకు చదువుకై వచ్చిన కుర్రవాడు. అంకె చూడగానే అతని ముఖం వికసించింది. "ఇంత తక్కువ తిరిగిందా, అంకుల్!" అన్నాడు.

పాత కారు కొనేటప్పుడు మనమందరమూ మొదట అడిగే ప్రశ్న అదే. అది తప్పు కాదు. తిరిగినకొద్దీ బేరింగులూ బ్రేకులూ అరుగుతాయి. అయితే ఎలా తిరిగిందో అంకె చెప్పదు. 401 రహదారి మీద నిలకడగా పరుగెత్తే కారులో ఇంజను బాగా వేడెక్కి, నూనెలో చేరిన తేమ ఆవిరైపోతుంది. మా కారు బడికీ, అంగడికీ, గుడికీ తప్ప పోలేదు. జనవరి చలిలో ఇంజను వేడెక్కకముందే ప్రయాణం ముగిసేది. ఆ తేమ నూనెలోనే నిలిచిపోయేది. ఇక రోడ్లమీద చల్లే ఉప్పు సరేసరి. బండి కదలకున్నా అది అడుగున ఇనుమును తింటూనే ఉంటుంది.

ఆ తుప్పు సంగతి మేము ఎరుగుదుము. సేఫ్టీ సర్టిఫికెట్ ఇచ్చిన మెకానిక్కే, ఇంకొక శీతాకాలం గడవడం కష్టమన్నాడు. ఆ సర్టిఫికెట్ 36 రోజులు చెల్లుతుంది. పరీక్షించిన నాటి స్థితినే చెబుతుంది. అంటారియోలో సొంతంగా అమ్మేవారు కొనేవారికి ఇవ్వవలసిన యూజ్డ్ వెహికల్ ఇన్ఫర్మేషన్ ప్యాకేజీలో పూర్వపు యజమానుల వివరాలుంటాయి, బండిమీద అప్పుంటే అదీ ఉంటుంది. తుప్పు మాట ఉండదు.

కాగితాలన్నీ సక్రమం, అంకె నిజం. అతడు అడగలేదు. నిజమే చెప్పి ఒకరిని మోసగించవచ్చునా?

కురుక్షేత్రంలో ధర్మరాజు ద్రోణునితో అశ్వత్థామ మరణించాడని బిగ్గరగా చెప్పి, ఏనుగన్న మాట మెల్లగా అన్నాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ క్షణమే నేలను తాకిందంటారు. (ఆ కథలోనూ దిగజారినది బండే కావడం చూసి మేము నవ్వుకున్నాము.)

"కొనేవాడే చూసుకోవాలి" అని మాలో ఒకరన్నారు. చూసుకోవాలంటే ఏది చూడాలో తెలియాలి కదా! మంచే ఎరుగని ఊరినుండి వచ్చినవాడికి ఉప్పు సంగతి ఎవరు చెబుతారు?

వాకిట్లో వంగి, కారు కిందికి దీపం వేసి అతనికి చూపించాము. చాలాసేపు చూశాడు. ఆలోచించుకుంటానని వెళ్లాడు.

రెండు వారాల తరువాత ఫోను చేశాడు. లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగిన కారు కొన్నాడట. ముందుగా అడుగుభాగమే చూశాడట. మా బండి ఇంకా వాకిట్లోనే ఉంది.