ఒక్క సంతకమే గదా!



ఆదివారం పూజ ముగిసి గుడి మెట్లు దిగుతున్నారు. తమ్ముడి వరుసైన ఒకతను మిమ్మల్ని పక్కకు పిలిచాడనుకోండి. చేతిలో కాగితాలున్నాయి. "అన్నయ్యా, చీటీ పాడుకున్నాను. డబ్బు చేతికి రావాలంటే షూరిటీ కావాలంటున్నారు. నీకు ఉద్యోగం ఉంది గనుక నీ సంతకమైతే ఒప్పుకుంటారు. నువ్వు రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. ఒక్క సంతకమే గదా!" అంటాడు.

మీరేం చేస్తారు? కాదంటే నొచ్చుకుంటాడు. పొరుగువానిని ప్రేమించాలని ఇప్పుడే గుడిలో విని వచ్చాం. మరి ఔనంటే? చూడడానికి చిన్న విషయమే. కాని ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నది ఇలాంటి ఒక్క సంతకంతో పోగొట్టుకున్న కుటుంబాలు మన విచారణల్లో లేకపోలేదు.

ముందు ఆ సంతకానికి అర్థమేమిటో తెలుసుకుందాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవానికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవానికీ అంతే బాధ్యత. "ముందు అతణ్ణి అడగండి, ఇవ్వకపోతే నా దగ్గరకు రండి" అనడానికి సాధారణంగా వీలుండదు. కోర్టు డిక్రీ వస్తే జీతంలో కొంత భాగం జప్తు కావచ్చు. బ్యాంకు అప్పయితే ఆ బాకీ మీ క్రెడిట్ రిపోర్టులోకి కూడా ఎక్కుతుంది. రేపు మీ బిడ్డ చదువుకు అప్పు అడిగితే అదే అడ్డు రావచ్చు. ఇక ప్రోనోటు మీద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. రెండు లక్షలకు నెలకు 4,000 రూపాయలు, ఏడాదికి 48,000. అసలు కదలకుండానే మూడేళ్ళలో 1,44,000 అవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. దానం చేసేటప్పుడు మన చేతిలో ఉన్నది ఇస్తాం. హామీ ఉన్నప్పుడు రాబోయే జీతాన్ని ఇస్తాం. ఆ జీతంలో భార్య మందులున్నాయి, పిల్లల ఫీజులున్నాయి, ముసలి తల్లి కంటి ఆపరేషనుంది. వారితో ఒక్క మాటైనా చెప్పకుండా వారి నోటి దగ్గరి కూడు కుదువపెట్టడం దయ అవుతుందా? ఊళ్ళో "ఎంత మంచివాడు!" అన్న పేరు మనకు దక్కుతుంది. దాని ఖరీదు మాత్రం ఇంట్లోవాళ్ళు కడతారు.

అలాగని ఎవరికీ హామీ ఉండకూడదా? అదీ న్యాయం కాదు. ఆస్తిపాస్తులు లేనివానికి, అతణ్ణి ఎరిగిన మనిషి మాట తప్ప మరేం ఆధారముంది? సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం ఈ రెండు పక్షాలూ చెబుతుంది. పొరుగువానికి హామీగా నిలిచేవాడు మంచివాడని ఒప్పుకుంటుంది. హామీలవల్ల కలిగినవారు కూడా చితికిపోయారని హెచ్చరిస్తుంది. శక్తి కొద్దీ సాయపడమని, నీవే పడిపోకుండా చూసుకొమ్మని సలహా ఇస్తుంది. మంచి సమరయుని కథ చూడండి. సత్రం యజమానికి రెండు దీనారాలు ముందే ఇచ్చాడు. మిగతాది తిరిగి వచ్చి తానే ఇస్తానన్నాడు. తన సంచిలో ఏముందో తెలిసే మాట ఇచ్చాడు.

మన పొదుపు సంఘాల స్త్రీలను చూసినా ఇదే తెలుస్తుంది. 1992లో నాబార్డు ఇలాంటి సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే ప్రయత్నం మొదలుపెట్టింది. ఆస్తి తాకట్టు లేకుండా, సంఘమంతా కలిసి బాధ్యత వహిస్తుంది. అక్కడ ఒకరి లెక్క మరొకరికి తెలుసు. చిన్న మొత్తాలతో మొదలవుతుంది. మాటలన్నీ అందరి ఎదుటా జరుగుతాయి. గుడి మెట్ల దగ్గర, ఇంట్లో తెలియకుండా పెట్టే సంతకంలో ఇవేవీ లేవు.

కాబట్టి ఎవరైనా కాగితం చాపితే ఆ రోజే సంతకం పెట్టకండి. ఇంటికి వెళ్ళి భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒకే ప్రశ్న వేసుకోండి: "ఈ మొత్తమంతా మనమే కట్టవలసి వస్తే కట్టగలమా? కట్టి కూడా అతనితో పలకరింపు మిగుల్చుకోగలమా?" రెండింటికీ ఔనని జవాబు వస్తే, అతని మిగతా అప్పులెన్నో అడిగి తెలుసుకుని, కాగితమంతా చదివి, నకలు తీసుకుని సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద, రాయని చెక్కు మీద మాత్రం ఎవరికోసమూ చేయవద్దు. కాదని జవాబు వస్తే, మర్యాదగా, మొదట్లోనే చెప్పండి. వట్టి చేతులతో పంపకండి. తిరిగి రాకపోయినా ఫర్వాలేదనుకున్న వెయ్యో రెండు వేలో ఇవ్వండి. బ్యాంకుకో సొసైటీకో అతని వెంట వెళ్ళండి.

ఇదివరకే ఎవరికో సంతకం పెట్టి ఇంట్లో దాచినవారు కొందరు ఇది చదువుతూ ఉండవచ్చు. అన్నా, ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. నోటీసు వచ్చిన రోజున తెలిసేకంటే మీ నోట వినడం మేలు. మరునాడు వెళ్ళి బాకీ ఎంత మిగిలిందో కనుక్కోండి. ఇద్దరికీ తెలిసిన అప్పును ఇద్దరూ కలిసి మోయవచ్చు. దాచిన అప్పును మీరొక్కరే మోయాలి.