పైపొర ధర్మం: ప్లాస్మా తాకిన పాలిమర్ పాతదేనా, కొత్తదా?

పాలిమర్ ఫిల్మును కొన్ని సెకన్లు ప్లాస్మాలో ఉంచి తీస్తే దాని బరువు, మందం, బలం, పారదర్శకత ఏవీ చెప్పుకోదగినంతగా మారవు. మారేది పైనున్న కొన్ని నానోమీటర్ల పొర ఒక్కటే. అయినా అప్పటిదాకా నీటిని దగ్గరికి రానివ్వని ఫిల్ము ఇప్పుడు నీటిని తన మీద పరుచుకోనిస్తుంది. సిరా పట్టని చోట సిరా పడుతుంది. జీవకణం నిలవని చోట నిలుస్తుంది. లోపలంతా పాతదే, నడత మాత్రం కొత్తది. అలాంటప్పుడు అది అదే వస్తువా, మరో వస్తువా? పదార్థశాస్త్రం ముందుకు తెచ్చిన ఈ ప్రశ్నను భారతీయ దర్శనాలు చాలా ముందే, కుండను ఉదాహరణగా పెట్టుకుని వాదించాయి.

లోకం సాధారణంగా లోపలి పక్షమే వహిస్తుంది. ‘పైన పటారం లోన లొటారం’ అన్న సామెతలో పైపొర అంటే మోసం అన్న తీర్పు ఉంది. హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ నుంచి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దాకా పరుచుకున్న సినిమా ప్రాంతం మీద కూడా ఇదే తీర్పు తరచూ పడుతుంటుంది. కానీ ఆ ప్రాంతపు పరిశ్రమ దశాబ్దాలపాటు నిలబడింది అక్షరాలా ఒక పైపొర మీదే. శ్రీనగర్ కాలనీ పక్కనున్న సారథి స్టూడియోలో, 1976లో మొదలైన అన్నపూర్ణ స్టూడియోలో ఆ దశాబ్దాల్లో తీసిన దృశ్యాలన్నీ చివరికి పాలిమర్ ఫిల్ము మీద అతికిన పలుచటి జెలటిన్ పొరలోకే చేరాయి. ఆ అతుకు ఊడిపోతే సినిమా లేదు.

నిప్పు తగిలి వస్తువు గుణాలు మారడాన్ని న్యాయ, వైశేషిక దర్శనాలు పాకం అన్నాయి. పచ్చికుండ నల్లగా ఉంటుంది, ఆవంలో కాలాక ఎర్రబడుతుంది. ఆ ఎరుపు దేనికి వచ్చింది? వైశేషికులది పీలుపాకవాదం. పీలువు అంటే పరమాణువు. నిప్పు తాకిడికి కుండ పరమాణువుల దాకా విడిపోతుంది. పరమాణువుల్లో నలుపు నశించి ఎరుపు పుడుతుంది. అవి మళ్ళీ జంటలుగా, ఆపైన పెద్ద ముక్కలుగా కూడి కొత్త కుండ అవుతుంది. ఇదంతా ఎన్ని క్షణాల్లో జరుగుతుందో కూడా వాళ్ళు లెక్క కట్టారు. నైయాయికులది పిఠరపాకవాదం. పిఠరం అంటే కుండ. కుండ కుండగా ఉండగానే రంగు మారుతుందని వాళ్ళ మతం. ఆవంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండలు కూలిపోవు, లెక్క తగ్గదు, చూసినవాడు ‘ఇది ఆ కుండే’ అని గుర్తుపడతాడు. కుండ నాశనమై ఉంటే ఆ గుర్తింపు ఎలా కుదురుతుందని వాళ్ళ ప్రశ్న.

పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పాకం వల్ల మారే రూపం, రసం, గంధం, స్పర్శ పృథివికి మాత్రమే ఉంటాయని చెప్పి, తన దీపికా వ్యాఖ్యలో ఈ రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టాడు. ఈ దేశంలో తర్కం చదువుకునే విద్యార్థి ఇప్పటికీ మొదట తెరిచే పుస్తకం తర్కసంగ్రహమే.

ఈ వాదంలో కీలకం ఒకటుంది. గట్టిగా ఉన్న కుండ లోపలికి నిప్పు ఎలా వెళుతుందని వైశేషికులు అడిగారు. లోపలికి వెళ్ళాలంటే కుండ విడిపోవాలి కదా అన్నారు. కుండకు సన్నని రంధ్రాలున్నాయి, అందుకే నీరు చెమరుస్తుంది, నిప్పూ ఆ దారినే వెళుతుందని నైయాయికులు జవాబిచ్చారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న నమ్మకం ఒకటే: నిప్పు లోపలిదాకా వెళ్ళి తీరాలి. లోపలికి వెళ్ళని నిప్పు ఉంటే పరిస్థితి ఏమిటన్నది వాళ్ళ ముందుకు రాలేదు. ప్లాస్మా సరిగ్గా అలాంటి నిప్పు.

వాయువుకు తగినంత విద్యుత్ శక్తి ఇస్తే కొన్ని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, ఎలక్ట్రాన్లు, అయాన్లు, చురుకైన రాడికల్స్, అతినీలలోహిత కాంతి కలిసిన స్థితి ఏర్పడుతుంది. దీనికి ప్లాస్మా అన్న పేరును 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పెట్టాడు. పాలిమర్ల పనికి వాడేది చల్లని ప్లాస్మా. అందులో ఎలక్ట్రాన్ల శక్తి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఉష్ణోగ్రతగా లెక్కిస్తే పదివేల డిగ్రీలకు పైమాటే. వాయువు మాత్రం ఇంచుమించు గది వేడిమిలోనే ఉంటుంది. రెండు కార్బన్ పరమాణువుల మధ్య బంధం తెగడానికి సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. వాయువు చల్లగా ఉన్నందువల్ల పాలిమర్ కరగదు, కాలదు. దాని ఉపరితలం మీది గొలుసులు మాత్రం అక్కడక్కడా తెగుతాయి. తెగిన చోట్ల ఆక్సిజన్, నైట్రోజన్ వచ్చి చేరి నీటికి ఇష్టమైన కొత్త సమూహాలు ఏర్పడతాయి. కొన్నిచోట్ల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అతినీలలోహిత కాంతి కొంచెం లోతుకు పోయినా, అయాన్ల, రాడికల్స్ పని కొన్ని నానోమీటర్లతో ఆగిపోతుంది.

ఈ దృష్టితో సినిమా ప్రింటును దగ్గరగా చూడాలి. మొదట వాడిన సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది. తర్వాత వచ్చిన ఎసిటేట్ కాలక్రమాన ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తూ, డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన కొడుతూ, ముడుచుకుపోతుంది. వేడి, తేమ ఎక్కువైతే ఆ చేటు వేగం అందుకుంటుంది. చివరిగా నిలిచింది పాలియెస్టర్. అది చింపినా చిరగనంత గట్టిది, ద్రావకాలకు లొంగనిది. ఆ లొంగకపోవడమే చిక్కయింది: నీటితో చేసిన జెలటిన్ దాని మీద నిలవదు. అందుకే పాలియెస్టర్ ఫిల్మును కరోనా లేదా గ్లో డిశ్చార్జి అనే ప్లాస్మా కిందుగా నడిపి, పైపొరను మార్చి, నడుమ ఒక అతుకు పూత వేసి, దాని మీద జెలటిన్ ఎమల్షన్ పరచడం ఫిల్ము కర్మాగారాల పద్ధతి అయింది.

రెండున్నర గంటల సినిమా 35 మిల్లీమీటర్ల ప్రింటుగా సుమారు 4 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. ఫిల్ము మందం దాదాపు 0.12 మిల్లీమీటర్లు. ఆ లెక్కన పాలియెస్టర్ బరువు 24 కిలోలకు దగ్గర. ఒకవైపు 10 నానోమీటర్ల లోతున మారిన పొరను మొత్తం రీళ్ళ నుంచి గీకి పోగు చేయగలిగితే వచ్చేది సుమారు 2 గ్రాములు. నటన, పాట, యుద్ధం, కన్నీరు, నవ్వు అన్నిటినీ ఆ 24 కిలోల మీద పట్టి ఉంచింది ఈ 2 గ్రాములే.

ఇప్పుడు పాత వాదానికి తిరిగి వస్తే, ఇద్దరూ చెరో లోతులో గెలుస్తారు. పై కొన్ని నానోమీటర్లలో జరిగేది పీలుపాకం: బంధాలు తెగి, పాత కూర్పు పోయి, కొత్త కూర్పు పుడుతుంది. మిగతా మందమంతటా పిఠరపాకపు వాదనే నిలుస్తుంది: వస్తువు విడిపోలేదు, దాన్ని ‘అదే’ అని గుర్తుపట్టడం తప్పు కాదు. మరి మొత్తంగా ఆ వస్తువుది ఏ గుణం? దీనికి దగ్గరి ప్రశ్న కూడా తర్కశాస్త్రంలో ఉంది. భాగాలకు వేర్వేరు రంగులున్న వస్త్రానికి మొత్తంగా రంగేమిటని అడిగితే, దానిది చిత్రరూపం, అంటే రంగురంగుల రూపం, అన్నారు నైయాయికులు. అన్నంభట్టు ఏడు రంగుల్లో దాన్ని ఒకటిగా లెక్కించాడు. ప్లాస్మా తాకిన పాలిమరుదీ అలాంటి చిత్రధర్మమే. లోపలి ధర్మాన్నో బయటి ధర్మాన్నో ఒక్కటే నిజమని తేల్చనక్కర్లేదు.

వేదాంతి ఇక్కడ అడ్డు చెప్పవచ్చు. మట్టే సత్యం, కుండ అన్నది పేరూ ఆకారమూ మాత్రమే అని ఛాందోగ్యోపనిషత్తు చెప్పింది కదా, పైపొర మార్పు కూడా అంతే కదా అని. పరమార్థంలో ఆ మాటకు తిరుగులేదు. అయితే వేదాంతం వ్యవహారాన్ని కొట్టిపారేయలేదు. నీళ్ళు తేవడానికి కుండే కావాలి, మట్టిముద్ద పనికిరాదు. వ్యవహారమంతా ఒక వస్తువు మరో వస్తువును కలిసే చోట జరుగుతుంది. ఆ చోటు ఎప్పుడూ ఉపరితలమే.

ఆ కలయికను కొలిచే సాధనం నీటిబొట్టు. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. పాలీప్రొపిలీన్ మీద అది 100 డిగ్రీల దరిదాపుల్లో ఉండి బొట్టు గుండ్రంగా నిలుస్తుంది. ప్లాస్మా తాకాక కోణం బాగా తగ్గి బొట్టు పరుచుకుంటుంది. 1805లో థామస్ యంగ్ చూపినట్టు, ఆ కోణాన్ని పాలిమర్ ఒక్కటే నిర్ణయించదు. ఘనానికీ ద్రవానికీ, ద్రవానికీ గాలికీ, ఘనానికీ గాలికీ మధ్య ఉన్న మూడు బలాల తూకం అది. అంటే ‘తడిసే గుణం’ పాలిమర్ తనంతట తాను మోసుకుతిరిగే సొత్తు కాదు. ఏ ద్రవంతో, ఏ గాలిలో అన్నది చెప్పకుండా ఆ మాటకు అర్థం లేదు. సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో స్వభావాన్ని పరీక్షించి, ఇతరాన్ని ఆశ్రయించి కలిగేదానికి సొంత స్వభావం ఉండదని వాదించాడు. ఉపరితల శాస్త్రం ఆ సిద్ధాంతాన్ని రుజువు చేయదు. కానీ ఏ గుణాన్నయినా వస్తువుకు అంటగట్టే ముందు దాని సంబంధాలను అడగాలన్న ఆయన పద్ధతికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ప్లాస్మా ఇచ్చిన గుణం శాశ్వతం కూడా కాదు. పాలిమర్ గొలుసులు కదులుతూ ఉంటాయి. గాలిలో ఉంచితే, నీటికి ఇష్టమైన సమూహాలు మెల్లగా లోపలికి తిరుగుతాయి, నీటిని తోసే భాగాలు పైకి వస్తాయి. సిలికోన్ రబ్బరులో ఇది గంటల్లో, రోజుల్లో జరిగిపోతుంది. వేరే పాలిమర్లలో వారాలు పట్టవచ్చు. అదే నమూనాను నీటిలో ఉంచితే ఈ వెనకడుగు బాగా నెమ్మదిస్తుంది. పక్కన నీరుంటే నీటికి ఇష్టమైన ముఖం, గాలి ఉంటే గాలికి తగిన ముఖం పైకి వస్తుందన్నమాట. సత్సంగం గురించి పెద్దలు చెప్పిన మాటలో ఉన్న సూక్ష్మం ఇందులోనూ ఉంది: ఒక్కసారి పొందిన సంస్కారం నిలవాలంటే తగిన సాంగత్యం కొనసాగాలి.

శ్రీనగర్ కాలనీకి చేరువలో, బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డులో, ఈ విషయానికి మరో ముఖం కనిపిస్తుంది. తెలుగు, తమిళ, హిందీ భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించి, తర్వాత దర్శకుడిగా, నిర్మాతగా ఎదిగిన ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళంతో ఆయన పేరిట 1987లో అక్కడ నేత్రవైద్య సంస్థ వెలిసింది. కంటికీ పాలిమర్ ఉపరితలానికీ ఉన్న చుట్టరికం కాంటాక్ట్ లెన్స్‌లో తెలుస్తుంది. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు రక్తనాళాలు లేవు. అది ఎక్కువగా గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. ఆక్సిజన్‌ను బాగా పోనిచ్చే సిలికోన్ కన్నీటిని మాత్రం దరిచేరనివ్వదు. 1999లో వచ్చిన మొదటి సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు ఈ చిక్కును ప్లాస్మాతోనే విప్పాయి. వాటిలో ఒకదానికి వేసిన ప్లాస్మా పూత మందం 25 నానోమీటర్లు మాత్రమే. శ్వాస లోపలి పదార్థం ఇచ్చింది, స్నేహం పైపొర ఇచ్చింది. కంటికి రెండూ కావలసినవే.

ఈ రంగంలో ఇప్పటి పరిశోధన దిశలు కూడా ఇదే ఆలోచనను ముందుకు నడుపుతున్నాయి. శూన్యగదులు అక్కర్లేకుండా మామూలు వాతావరణ పీడనంలోనే పనిచేసే ప్లాస్మాలు వస్త్రాలకు, ప్యాకింగు ఫిల్ములకు అందుబాటులోకి వచ్చాయి. నీరు, రసాయనాలు దండిగా తాగే తడి పద్ధతుల స్థానంలో కొంతైనా పొడి పద్ధతి వస్తోంది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ జారిపోయే అంగోరా కుందేలు ఉన్నిని ఇలాగే వడకడానికి వీలైనదిగా మార్చింది. పలు పాలిమర్లను అతికించిన ప్యాకింగును రీసైకిల్ చేయడం కష్టం. ఒకే పాలిమర్ మీద కొన్ని పదుల నానోమీటర్ల సిలికాన్ ఆక్సైడ్ పూతతో గాలిని ఆపగలిగితే ఆ భారం తగ్గుతుంది. వైద్యంలో, ఉపరితలం మీద ప్రోటీన్లను గట్టిగా పట్టి ఉంచి, శరీరం పరాయిగా చూడని ఇంప్లాంట్ల కోసం కృషి సాగుతోంది.

నీటిని తోసే పూతల విషయంలో మాత్రం ధర్మప్రశ్న నేరుగా ఎదురవుతుంది. ఫ్లోరిన్ పాలిమర్ల పూతలు ఈ పనిలో దిట్టలు. కానీ ఆ కుటుంబపు రసాయనాలు నేలలో, నీటిలో, రక్తంలో విరగకుండా పేరుకుంటాయి. అందుకే ఫ్లోరిన్ లేకుండా, ప్లాస్మాతో ఉపరితలాన్ని సూక్ష్మంగా చెక్కి నీటిని తోసే మార్గాలు వెతుకుతున్నారు. అంటకుండా ఉండడానికి గీత ఉదాహరణగా చూపిన తామరాకు కూడా ఆ పనిని మైనపు సూక్ష్మ నిర్మాణంతో సాధిస్తుంది, రాలిన తర్వాత మట్టిలో కలిసిపోతుంది. నిర్లేపంగా ఉండడమూ, విరగకుండా పేరుకుపోవడమూ ఒకటి కాదు. చిరకాలం నిలవడమే గొప్ప అనుకునే పదార్థశాస్త్రం ఈ తేడాను ఆలస్యంగా నేర్చుకుంటోంది.

ఇన్ని ఉదాహరణల నుంచి తేలేది ఇది. వస్తువు ‘అదేనా, వేరా’ అన్న ప్రశ్నకు లోతు చెప్పకుండా, సంబంధం చెప్పకుండా జవాబు లేదు. ద్రవ్యంగా చూస్తే ప్లాస్మా తాకిన పాలిమర్ పాతదే. ఇతరంతో కలిసే తీరులో కొత్తది. కాలంతో ఆ కొత్తదనం సడలుతుంది, సాంగత్యంతో నిలుస్తుంది. పైపొర పరిధిలో చిన్నదే అయినా ధర్మంలో తక్కువది కాదు. పదార్థానికి లోకంతో పరిచయం, బాధ్యత రెండూ అక్కడే మొదలవుతాయి. లోపలిదాన్ని గౌరవించడానికి పైదాన్ని తక్కువ చేయవలసిన అవసరం దర్శనానికీ లేదు, శాస్త్రానికీ లేదు.