పిడి మీద పేరు

కత్తులు చేయడం మాకు సరదా. 2015లో బోధన్ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇళ్ళల్లో తుప్పు పట్టిన చెరకు కత్తులు కొన్ని తెచ్చుకున్నాం. ఆకురాయితో రుద్ది తుమ్మ చెక్కో బర్రె కొమ్మో పిడి వేస్తాం. కొమ్ము వేడికి మెత్తబడుతుంది, తొందరపడితే పగుల్తుంది.

చెరకు తోటలో అది పనిముట్టు. మా గూట్లో కనిపిస్తే మారణాయుధం! నిజామాబాద్‌లో గొడవ పుకారు లేస్తే చాలు, మా అమ్మీ బక్రీద్ ఛురీని బియ్యం డబ్బాలో దాస్తుంది. ఏ తప్పూ చేయకుండా ఎందుకు దాచాలి?

ఈ జిల్లా కోనసముద్రంలోనే కమ్మరులు మూసల్లో ఉక్కు వండారు. ఆ ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకుడు వచ్చి మకాం వేశాడని 1832లో అచ్చయిన వాయ్సీ వ్యాసం చెబుతోంది. కమ్మరి కొలిమీ, ముసల్మాను బేరమూ కలిస్తేనే ఆ ఉక్కు దేశాలు దాటింది. ఇప్పుడు కత్తిని మా ఒక్కరి పేరనే ఎవరు రాశారు?

అలాగని కత్తి అమాయకమైందని మేం అనం. పదును పెట్టింది మేమే. అది ఎవరినైనా కోస్తే జవాబు చెప్పాల్సిందీ మేమే. కానీ జవాబు చేసిన పనికి అడగాలి, పుట్టిన పేరుకి కాదు. దాచిన కత్తికి జవాబుదారు ఉండడు. అందుకే ఈసారి కొమ్ము పిడి మీద మా పేరు చెక్కి, గూట్లో అందరికీ కనబడేలా పెట్టాం.

అమ్మీ ఇంకా బియ్యం డబ్బా వైపే చూస్తోంది.