మత్తులో పడ్డ బిడ్డ: ఠాణాకా, ఆసుపత్రికా?



మత్తు హరామ్ అని మనకు ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. మత్తెక్కించే ప్రతి పదార్థమూ నిషిద్ధమేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. పేరు మారినంత మాత్రాన తీర్పు మారదు. కనుక గంజాయి, కల్లు ధర్మసమ్మతమా కాదా అన్నది ఇక్కడ మన ప్రశ్న కాదు. మన ఇంటి బిడ్డ వాటికి బానిసైనప్పుడు అతను ముందుగా నేరస్తుడా, రోగా? దేశంలో ఈ ప్రశ్న మీద చాలాకాలంగా చర్చ నడుస్తోంది. సొంత వాడకానికి కొద్ది మోతాదు ఉంచుకున్నవారిని జైలుకు కాక చికిత్సకు పంపాలని 2021లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ సూచించినట్లు పత్రికల్లో వచ్చింది. అదేదో ఢిల్లీ వ్యవహారం, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు దానితో పనేమిటి అనుకోకండి.

మన వైపు మత్తు చాలాసార్లు కల్లు సీసాలోనే వస్తుంది. చెట్టు నుంచి దింపిన కల్లు అమ్మకానికి చాలదు. అందుకని నీళ్లు పోసి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. ఉత్తర తెలంగాణలో ఏళ్ల తరబడి పట్టుబడుతున్న సంగతే ఇది. రోజంతా మరమగ్గం దగ్గర నిలబడి వచ్చినవాడు ఒళ్లు నొప్పులు తగ్గుతాయని తాగుతాడు. తాను మింగుతున్నది నిద్రమాత్రల మందు అని అతనికి తెలియదు. తెలిసేది మానేసిన రోజునే. చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, లేని మనుషులు కనిపిస్తారు, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. మరి మన ఇళ్లలో ఏం జరుగుతుంది? గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు, నలుగురికీ తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. ఫిట్స్ వచ్చే మనిషికి ఆ గదే ప్రాణాంతకం కావచ్చు.

దైవప్రవక్త (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే ఒక వ్యక్తి ఉండేవాడు. ప్రవక్తను నవ్విస్తుండేవాడు. అతను మద్యం తాగి పలుమార్లు పట్టుబడ్డాడు, శిక్ష కూడా పడింది. శిక్ష పడిన సంగతి దాచిపెట్టి ఈ హదీసు చెప్పేవారున్నారు, అది న్యాయం కాదు. అయితే శిక్ష అయ్యాక ఒకాయన అతన్ని శపించబోతే ప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, అల్లాహ్ ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. ఆ శిక్ష కొద్దిసేపట్లో ముగిసిపోయేది. మనిషి మళ్లీ అదే మస్జిదుకు, అదే మనుషుల మధ్యకు వచ్చేవాడు. నేడు ఒక కేసు పడితే? అది తేలేదాకా పాస్‌పోర్టు రావడం కష్టం. పాస్‌పోర్టు లేకపోతే గల్ఫ్ లేదు. గల్ఫ్ లేకపోతే కోరుట్లలో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతుందో మీకే తెలుసు. తల్లి బీడీలు చుట్టిన డబ్బు వకీలుకు పోతుంది.

మద్యం విషయంలో శాపానికి గురైన పదిమందిని పేర్కొన్న మరో హదీసు ఉంది. అందులో తాగేవాడూ ఉన్నాడు, నిజమే. కానీ తయారుచేసేవాడు, చేయించుకునేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, ఆ సొమ్ము తినేవాడు కూడా ఉన్నారు. అంటే నేరం ఒక్క నోటి దగ్గర లేదు, ఆ గొలుసు పొడవునా ఉంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అలాంటి చోట కఠినత్వం కలిపినవాడి మీద, ఆ పొడి సరఫరా చేసినవాడి మీద పడాలి. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య మోతాదు. శిక్ష పదేళ్లకు తగ్గదు. దాన్ని సడలించాలని మనం అడగడం లేదు.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వ్యసనపరుడు వాడకం కేసులోగానీ, కొద్ది మోతాదు కేసులోగానీ చిక్కుకుంటే, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు సిద్ధపడితే అతన్ని ఆ నేరానికి విచారించరు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. తలుపు ఉంది, కానీ చూపించేవారు తక్కువ. సంస్కరణ అంటే ముందు ఈ తలుపు బార్లా తెరవడమే.

శిక్ష తీసేస్తే అందరూ చెడిపోతారని పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. పోర్చుగల్ 2001 నుంచి కొద్ది మోతాదుతో దొరికినవారిని కోర్టుకు కాక వైద్య, సామాజిక నిపుణులుండే సంఘం ముందుకు పంపుతోంది, చికిత్సకూ ఖర్చు పెట్టింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో శిక్ష తీసేసింది, చికిత్స ఏర్పాట్లు వెనకబడ్డాయి. 2024లో చట్టాన్ని మళ్లీ బిగించింది. యు.ఎ.ఇ. కూడా 2021 నాటి కొత్త చట్టంతో మొదటిసారి పట్టుబడిన వాడకందారు శిక్షను తగ్గించి, చికిత్సకు చోటిచ్చింది. అమ్మేవారి మీద మాత్రం ఎప్పటిలా కఠినంగానే ఉంది. ఆసుపత్రి ముందు, సడలింపు తర్వాత అన్న వరుస మనకు సరైనదనిపిస్తోంది.

జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రుల్లో మత్తు మాన్పించే పడకలు ఎన్ని, డాక్టరు ఏ రోజు ఉంటారు అని మస్జిద్ కమిటీలు వెళ్లి అడగాలి. జుమా నాడు ప్రకటించే నికాహ్, జనాజా కబుర్లతోపాటు ఆ వివరాలూ చెప్పవచ్చు. జాతీయ సహాయ నంబరు 14446, ఫోన్ ఉచితం. గల్ఫ్ వెళ్లే పిల్లలకు ఇంకొక మాట: నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు ఏవైనా పెట్టెలో ఉంటే డాక్టరు చీటీ వెంట ఉండాలి, ఆ దేశం అనుమతి కావాలేమో ముందే కనుక్కోవాలి. ఎవరో ఇచ్చిన పచ్చడి పొట్లం విప్పి చూడకుండా తీసుకుపోకండి.