తెగిన ఈనె

 

రాలే ప్రతి ఆకూ అల్లాహ్ జ్ఞానంలో ఉంటుందని దివ్యఖుర్ఆన్‌లోని అన్‌ఆమ్ సూరా మనకు తెలుపుతోంది. మరి గాయపడి కూడా ఇంకా కొమ్మను అంటిపెట్టుకుని ఉన్న ఆకు సంగతి? ఏదైనా ఒక ఆకును వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. నడుమ పెద్ద ఈనె, దాని నుంచి పిల్ల ఈనెలు. వేళ్ళు తోడిన నీరు ఆ దారినే ఆకుకు చేరుతుంది, ఆకు తయారుచేసిన ఆహారం ఆ దారినే మిగతా మొక్కకు పోతుంది.

ఆ నడి ఈనె తెగితే? ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై తిరువనంతపురంలోని ఐసర్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2020లో వెలువడింది. పెరుగుతున్న ఆకుల్లో ఈనెను తెంపి చూశారు. గాయం దగ్గర ఆక్సిన్ అనే హార్మోను తయారైంది. అంతవరకు మామూలుగా ఉన్న ఆకు కణాలు ఈనె కణాలుగా మారాయి. కొత్త ఈనె గాయాన్ని చుట్టివచ్చి తెగిన కొసను కలుపుకుంది. ఈ పని చేయించే జన్యువులు కొన్ని ఉన్నాయి. అవి లేకపోయినా నడి ఈనె మొదట ఏర్పడుతుంది, కాని తెగితే సరిగా అతకదు. అంటే, పుట్టుకకు ఒక ఏర్పాటు, అతుకుకు వేరొక ఏర్పాటు! సుబ్‌హానల్లాహ్!

రక్తసంబంధమూ ఇంతే కదా. అన్నదమ్ములుగా పుట్టడానికి మనం చేసిందేమీ లేదు. కాని నాన్నగారు పోయాక నాలుగు సెంట్ల స్థలం దగ్గర తెగిన మాట దానంతటదే అతకదు. “వాడు వస్తే నేనూ వస్తాను” అంటారు. అది బేరం. తనతో తెంచుకున్నవారిని కలుపుకునేవాడే నిజంగా బంధుత్వాన్ని కలిపేవాడని దైవప్రవక్త (స) బోధించినట్లు బుఖారీలో ఉంది.

“అయితే హక్కు వదులుకోమంటారా?” అని కొందరు అడుగుతారు. లేదు. షరీఅత్ నిర్ణయించిన వాటా వాటాయే. అక్కచెల్లెళ్ళ వాటా ఎగ్గొట్టి, పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నె పంపితే అది అతుకు కాదు. వాటా లెక్క పెద్దల ముందు సాగనివ్వండి, ఈలోగా సలాం ఆపకండి. మూడు రోజులకు మించి తోటి ముస్లింతో మాట మానరాదని హదీసు. మన ఇళ్ళలో కొన్నిచోట్ల మూడేళ్ళు దాటింది! ముందుగా సలాం చేసేవాడే ఇద్దరిలో మేలైనవాడని కూడా అదే హదీసులో ఉంది.

అన్నయ్య ఫోను ఎత్తకపోతే వదినకు చేయండి. ఆమె కూడా ఎత్తకపోతే పిల్లలకు చేయండి.