చీటీ మీద ఎవరి పేరు?

పోచంపల్లి చీర చూడగానే "ఎవరు నేశారండీ?" అని అడుగుతాం. మగ్గం మీద కూర్చున్నవారి పేరు చెబుతారు. కాని అంతకుముందే గ్రాఫు కాగితం మీద నమూనా గీసినవారున్నారు. ఆసు పోసిన ఇల్లాలుంది. రంగు వద్దనుకున్న చోట నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచినవారున్నారు. ఆ కట్టు వెంట్రుకవాసి జరిగితే, నేసే చెయ్యి ఎంత నేర్పుగలదైనా పువ్వు చెదురుతుంది.

ఆసు పని మరీ కష్టం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మిగారి బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. (అందరు తల్లులకూ అలాంటి కొడుకులుండరు గదా!)

మరి నమూనా గీసినవారు "ఇది నా సృష్టి" అనవచ్చునా? ఊహ వారిదే గనుక కొంతవరకు అనవచ్చు. అయితే గీయకముందే కట్టు కట్టే మనిషిని పిలిచి, "ఈ వంపు నూలు మీద నిలుస్తుందా?" అని అడగాలి. నిలవదంటే గీత మార్చుకోవాలి. అలా మారిన గీత ఇక ఒక్కరిది కాదు. కూలి ఇచ్చాం గదా, పేరెందుకు అనేవారి మాట నాకు న్యాయంగా తోచదు. ప్రదర్శనలో చీర పక్కన పెట్టే చీటీ మీద నాలుగు పేర్లకు చోటు చాలదా?