ఏలినవారి మేడలు

తనను చెఱబెట్టినవాడు కట్టిన మేడను, వాడు వెడలిపోయిన పిదప, విడుదల పొందినవాడు కాపాడవలెనా, కూలద్రోయవలెనా? చెన్నపట్టణమున కుంపిణీవారి సెంటుజార్జి కోటలో శాసనసభ కూడుటకు మనము తర్కింపకయే అలవాటుపడితిమి. తైవాను ద్వీపమందలి తైనాన్ నగరమున ఈ ప్రశ్న యింత సులభముగా తీరునది కాదు.

జపానువారు ఆ ద్వీపమును 1895 మొదలు 1945 వఱకు ఏలిరి. తైనాన్‌లో వారి న్యాయస్థానము 1914లో పూర్తియైనది. మొరియామా మత్సునొసుకే యను వాస్తుశిల్పి దానిని పాశ్చాత్య పద్ధతిని, స్తంభములతోను గుమ్మటముతోను నిర్మించెను. మఱుసటి యేడే తపానీ ప్రాంతమున తిరుగబడిన వారిని అచ్చటనే విచారించిరి. ఎనిమిదివందలమందికి పైగా మరణశిక్ష విధింపబడెను. పలువురకు పిమ్మట శిక్ష తగ్గినను, నాయకుడగు యూ చింగ్‌ఫాంగ్ ఉరికంబ మెక్కెను. 2016 నుండి ఆ భవనము న్యాయ ప్రదర్శనశాల.

అందమైనది గనుక ఉంచవలెనను వాదము నాకు రుచింపదు. తీర్పు విన్నవాని కంటికి ఆ గుమ్మట మెట్లుండెనో అందగాండ్రు చెప్పగలరా? అయినను కూల్చుట వలన మేలెవరికి? తీర్పు చెప్పినవారికే. సాక్షి లేని నేరము సగము మాసిపోవును.

కూల్చినవారును లేకపోలేదు. 1972లో జపాను తైవానుతో రాయబారము తెంచుకొన్న పిదప, 1974లో అచ్చటి ప్రభుత్వము జపాను పాలనాచిహ్నములను తొలగింపుమని ఆజ్ఞ యిచ్చెను. ఆ ప్రభుత్వమే 1949 మొదలు 1987 వఱకు సైనికశాసనముతో ప్రజల నోరు మూయించినది. ముందటి దొర గుర్తులు చెఱిపివేయుట వెనుకటి దొరకు ఎప్పుడును అనుకూలమే గదా!

ఈ విషయమున నాకు మిక్కిలి నచ్చినది జిల్లా పరిపాలనా భవనము. ఇదియు మొరియామా కట్టినదే, 1916 నాటిది. 1945లో అమెరికా విమానముల బాంబులకు పైకప్పు పోయినది. యుద్ధానంతరము వైమానికదళమువారును, తరువాత నగరపాలకులును దానిని వాడుకొనిరి. 2003లో అది తైవాను సాహిత్య ప్రదర్శనశాల యైనది. 1937లో జపానువారు వార్తాపత్రికలనుండి చీనాభాషను తొలగించిరి. 1946లో కొత్త ప్రభుత్వము జపానుభాషను తొలగించెను. బడిలో జపానుభాష నేర్చి, దానిలోనే వ్రాయ నలవడిన రచయితలు నడివయసుననో అంతకు ముందో మూగవారైరి. పలకలు దిద్దించువాడను గనుక ఇది చదివినపుడు నా కలము కొంతసేపు ఆగినది. రెండుమారులు మాట కోల్పోయిన ఆ ద్వీపపు రచనలకు నేడు నిలయము, దొర దస్త్రములు నడచిన ఆ యిల్లే. దీనిని మించిన ప్రతీకారమును నేనెఱుగను.

హయాషి దుకాణము సంగతి వేఱు. 1932లో లిఫ్టుతో తెఱచిన ఆ అయిదంతస్తుల అంగడి, 2014లో మరల అంగడిగనే తెఱవబడినది. అచ్చట పాతకాలపు మోజు వెలకు దొరకును. చరిత్రము అమ్మకపుసరుకైనచో చేదు దిగిపోవునేమో యని నా సందేహము. అయితే పైమేడమీద, చిన్న షింటో దేవళమున్న చోట, 1945 నాటి దాడి దెబ్బలు తగిలిన గోడలను వారు పూయక యటులే యుంచిరి.